పడ్డానికి వేసుకున్న బట్టలు

నవ్వడానికి సిద్ధంగా కూర్చున్నారా? కూర్చోండి. కానీ ముందే చెబుతున్నాను, మధ్యలో ఎవరైనా "ఇలాంటోళ్ళు కూడా ఉంటారా" అని అడిగారంటే అక్కడితో ఆపేసి లేచిపోతాను. ఉంటారు. నేను వాళ్ళ పక్కింట్లోనే కాపురం చేశాను, నాకు తెలీదా.

అన్నదమ్ములు ముగ్గురు. పెద్దోడు తవిటినాయుడు, నడిపోడు పోలినాయుడు, చిన్నోడు సింహాద్రి. వాళ్ళమ్మ చిన్నమ్ములు. తమంత తెలివైన కుటుంబం చుట్టుపక్కల ఎక్కడా లేదని నలుగురికీ గట్టి నమ్మకం. "సొంతంగా ఆలోచించేవాడే తప్పు చేస్తాడు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడికి తప్పెలా వస్తాది?" అనేవాడు తవిటినాయుడు, మీసం దువ్వుకుంటూ. అందుకని ఎవరేం చెప్పినా ముగ్గురూ ఓసారి గట్టిగా వల్లించుకునేవారు, తర్వాత తు.చ. తప్పకుండా చేసేవారు. ఓ రోజు చిన్నమ్ములు, "పాలు పొంగగానే దించరా" అని పోలినాయుడికి చెప్పి పొలానికి వెళ్ళింది. సాయంత్రం వచ్చి చూస్తే వాడు గిన్నె ముందే కూర్చున్నాడు. పొయ్యి చల్లగా ఉంది. "వెలిగించమని చెప్పలేదు కదమ్మా" అన్నాడు. "అదీ నిజమే, నా తప్పే" అంది తల్లి. చూశారా, కుటుంబమంతా అదే.

ఇలా ఉండగా చిన్నమ్ములు చెయ్యి బెణికింది. సింహాద్రి తల్లిని మోటారు బండి మీద ఎక్కించుకుని పక్కూళ్ళో గంగునాయుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. గంగునాయుడంటే ఎముకలకి కట్లు కట్టే ఆయన. వెదురు బద్దలు పెట్టి, ఆకు పసరు పూసి, గుడ్డ చుట్టాడంటే విరిగిన కాలు కూడా అతుక్కోవాల్సిందే. ఆయనకి ఒక్కత్తే కూతురు, పైడమ్మ. పసరు నూరేది ఆ పిల్లే.

"అబ్బాయ్, మీ అమ్మ చెయ్యి కాస్త పట్టుకో" అంది పైడమ్మ. సింహాద్రి పట్టుకున్నాడు. కట్టు కట్టడం అయిపోయింది. పట్టుకునే ఉన్నాడు. తల్లి మజ్జిగ తాగింది, పట్టుకునే ఉన్నాడు. వదలమని ఎవరూ చెప్పలేదు మరి. పైడమ్మ పకపకా నవ్వింది. అంతే. సింహాద్రి ఆ నవ్వుకి పడిపోయాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "పైడమ్మని చేసుకోకపోతే నేను బతకలేనమ్మా" అన్నాడు. రెండు రోజులు సరిగ్గా తినలేదు. నాకే జాలేసింది.

చిన్నమ్ములు వెళ్ళి పిల్లని అడిగింది. గంగునాయుడు సింహాద్రిని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"చూడు బాబూ. మా గుమ్మంలోకి రోజూ వచ్చేది బండ్ల మీంచి పడ్డోళ్ళే. మోకాళ్ళు, మోచేతులు, భుజాలు, కట్టీ కట్టీ విసుగొచ్చింది. తలకి హెల్మెట్ ఉండదు, ఒంటి మీద పల్చటి చొక్కా, కాళ్ళకి చెప్పులు. ఇలాంటోడికి పిల్లనిచ్చి, రేపు అల్లుడికి కూడా నేనే కట్టు కట్టుకోలేను. శుక్రవారం సరైన బట్టలు తొడుక్కుని బండి మీద రా. నా కంటికి ఆనితే అప్పుడే తాంబూలాలు. లేదంటే ఈ మాట ఇక్కడితో మర్చిపో."

"సరైన బట్టలంటే ఎలాంటివండీ?"

"ఒకటే గుర్తుపెట్టుకో. బండెక్కే బట్టలు నడపడానికి వేసుకునేవి కాదు. పడ్డానికి వేసుకునేవి."

సింహాద్రి దారంతా వల్లించుకుంటూ వచ్చాడు. నడపడానికి కాదు, పడ్డానికి. ఇంట్లో నలుగురూ కూర్చుని మళ్ళీ వల్లించారు.

మర్నాడు అన్నదమ్ములు ముగ్గురూ పట్నంలో దుకాణానికి వెళ్ళారు. దుకాణదారు మంచివాడు, పాపం. ఓపిగ్గా చెప్పాడు. "హెల్మెట్ తలకి బిగువుగా ఉండాలి. తల అటూ ఇటూ ఊపితే అది కదలకూడదు."

సింహాద్రి ఒకటి పెట్టుకుని తల ఊపాడు. తవిటినాయుడు కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "కదిలింది. పనికిరాదు."

ఇంకోటి పెట్టాడు. ఊపాడు. అదీ కదిలింది. తలతో పాటు అది కదలక ఏం చేస్తుంది? దుకాణంలో ఉన్నవన్నీ అయ్యాయి, ఒక్కటీ నిలబడలేదు. "నీ దగ్గర కదలని సరుకే లేదేటి?" అన్నాడు పోలినాయుడు.

దుకాణదారు చెమట తుడుచుకుని మాట మార్చాడు. "అది వదిలెయ్యండి బాబూ. గట్టి దెబ్బని కాసేదే మంచి హెల్మెట్. ఇంకో సంగతి, ఒకసారి గట్టి దెబ్బ తిన్నదాన్ని మళ్ళీ వాడకూడదు. పైకి బాగానే ఉన్నా పారెయ్యాలి."

చెప్పేసి ఆయన లెక్క రాసుకోడానికి లోపలికెళ్ళాడు. ఈ మాట వాళ్ళకి భలే నచ్చింది. తవిటినాయుడు ఓ హెల్మెట్ తీసి గడప రాయికేసి ఫెడీమని కొట్టాడు. "పగల్లేదు. దెబ్బ కాసింది. మంచిది."

"తీసుకుందామా?" అన్నాడు పోలినాయుడు.

"దెబ్బ తిన్నది వాడకూడదన్నాడు కదరా. పారెయ్."

ఇంకోటి కొట్టారు. మంచిదే. పారేశారు. ఇంకోటి. అదీ మంచిదే. పారేశారు. ఇంకేముంది, దుకాణం బయట హెల్మెట్లు గుమ్మడికాయల్లా దొర్లుతున్నాయి. దుకాణదారు లోపల లెక్క రాసుకుంటున్నవాడల్లా చప్పుడుకి బయటికొచ్చి, ఉన్నచోటే కూలబడ్డాడు. సింహాద్రి నెత్తిన ఉన్నది ఒక్కటే మిగిలింది. తవిటినాయుడు దానికోసం రోకలి అడుగుతుంటే దుకాణదారు లేచొచ్చి అడ్డం పడ్డాడు.

"అది మంచిదే బాబూ. నా పిల్లల మీద ఒట్టు. కొట్టకుండా తీసుకుపోండి."

"ఒట్టేశాడు" అన్నాడు పోలినాయుడు. సరే అని దాన్ని ఉంచుకున్నారు.

తర్వాత జాకెట్. మందంగా ఉన్న తోలు జాకెట్ చూపించి, "మెడ దగ్గర్నుంచి మణికట్టు దాకా కప్పుతుంది. భుజాలకి, మోచేతులకి లోపల మెత్తలున్నాయి. తారు రోడ్డు మీద ఈడ్చినా చిరగదు" అన్నాడు దుకాణదారు. అన్న వెంటనే నాలిక్కరుచుకున్నాడు. కానీ ఏం లాభం, మాట బయటికొచ్చేసింది.

జాకెట్‌ని తాడుతో బండి వెనకాల కట్టి ఊరిదాకా ఈడ్చుకొచ్చారు. దారిలో ఓ ఊరకుక్క దాని మీదెక్కి కూర్చుంది. ఎంచక్కా మా వీధి దాకా వచ్చి, దిగి వెళ్ళిపోయింది. నేను మా అరుగు మీంచి నా కళ్ళతో చూశాను. జాకెట్ నిండా దుమ్ము, పేడ, ముళ్ళు. చిరుగు మాత్రం లేదు. చిన్నమ్ములు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈడ్చడానికి చాలా బాగుందిరా. మరి తొడుక్కోడానికి ఇంకోటి కొన్నారా?" అంది.

అప్పటికి దుడ్డు కర్రతో దుమ్ము దులిపి అదే తొడిగారు. చేతి తొడుగులు, మోకాలి మెత్తలున్న ప్యాంటు, చీలమండ దాటొచ్చే బూట్లు, అన్నీ తెచ్చారు. చేతి తొడుగులు తొడుక్కుంటే చేతికేమీ తగలదని చెప్పాడట దుకాణదారు. చిన్నమ్ములు సింహాద్రి చేతిలో వేడి గారె పెట్టింది. "నిజమేనమ్మా, ఏమీ తగల్లేదు" అని సంబరపడ్డాడు. ఆ తొడుగులతోనే అది తిన్నాడు.

ఇక పైన వేసుకునే పసుపు రంగు చొక్కా. అది దూరం నుంచి కనబడాలన్నాడట. సింహాద్రిని వాకిట్లో నిలబెట్టి, పోలినాయుడు చూసుకుంటూ వెనక్కి నడిచాడు. వీధి చివరికి వెళ్ళాడు, కనబడుతోంది. చెరుకుతోట దాటాడు, కనబడుతోంది. పొద్దున వెళ్ళినవాడు పొద్దుగూకాక వచ్చాడు. "మోసం అన్నయ్యా. కొండ అవతలికెళ్ళాక అస్సలు కనబళ్ళేదు" అన్నాడు. పాపం సింహాద్రి, అప్పటిదాకా ఎండలో ఆ వేషంతో వాకిట్లోనే నిలబడున్నాడు. నవ్వుతున్నారా? నవ్వండి, నవ్వండి. అసలు కథ ఇప్పుడొస్తుంది.

శుక్రవారం వచ్చింది. సింహాద్రి అన్నీ తొడుక్కుని బండెక్కాడు. అన్నలిద్దరూ వెనకాల సైకిలు మీద. ఒక్క మాట ఒప్పుకోవాలి, వాడు బండి బాగా నడుపుతాడు. నెమ్మదిగా, పక్కకి తప్పుకుంటూ, గోతులు చూసుకుంటూ చక్కగా గంగునాయుడి వాకిట్లో దిగాడు.

గంగునాయుడు చుట్టూ తిరిగి చూశాడు. హెల్మెట్ పట్టీ లాగి చూశాడు, బిగువుగా ఉంది. భుజాలు తట్టాడు, మెత్తలున్నాయి. బూట్లు చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇన్నేళ్ళుగా కనబడ్డోడికల్లా చెబుతున్నాను. నా మాట విన్నోడివి నువ్వొక్కడివే బాబూ. ఉండు, తాంబూలం పళ్ళెం తెస్తాను" అని లోపలికెళ్ళాడు. తలుపు పక్కన పైడమ్మ సిగ్గుపడుతూ చూసి, తండ్రి వెనకాలే వెళ్ళింది.

అప్పుడే అన్నలు సైకిలు దిగారు. తవిటినాయుడు రొప్పుతూ అడిగాడు. "పడ్డావా?"

"లేదన్నయ్యా."

"దారిలో ఎక్కడా?"

"ఎక్కడా పళ్ళేదు."

ఇద్దరి మొహాలూ మాడిపోయాయి. "ఎంత పని చేశావురా. నడపడానికి కాదు, పడ్డానికి వేసుకోమన్నాడు కదేటి. పడకుండా వస్తే మాట తప్పినట్టు కాదా? తెలిస్తే పిల్లనిస్తాడా?" అన్నాడు తవిటినాయుడు.  పైడమ్మ దక్కకుండా పోతుందని సింహాద్రి బావురుమన్నాడు.

"ఏడవకు. ఆయన బయటికొచ్చేలోగా పడిపో" అన్నాడు పోలినాయుడు. వాకిట్లో పశువుల పాక కనబడింది. సింహాద్రి గబగబా ఎక్కబోయాడు.

"ఆగు" అన్నాడు తవిటినాయుడు. "ఆ బట్టలతోనే పడతావా? ఒట్టేయించి మరీ కొన్నాం. తాంబూలాల పూట మట్టి కొట్టుకుపోతే బాగుంటుందా? వేసుకోమన్నాడు, వేసుకున్నావు. అదయిపోయింది. ఇంక పడ్డమే మిగిలింది."

అదీ సబబే అనిపించింది. హెల్మెట్, జాకెట్, తొడుగులు, ప్యాంటు, బూట్లు, అన్నీ విప్పి ఎంచక్కా గేటుకి తగిలించారు. సింహాద్రి బనీను, నిక్కరుతో పాక కప్పెక్కి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, కిందికి పడ్డాడు.

ఫట్‌మంది.

పళ్ళెంతో బయటికొచ్చిన గంగునాయుడికి గేటుకి వేలాడుతున్న బట్టలు, కింద దొర్లుతున్న అల్లుడు కనబడ్డారు. "ఏం జరిగిందిరా?" అన్నాడు.

సింహాద్రి పళ్ళు బిగబట్టి, "పడ్డాను మావగారూ. మాట తప్పలేదు" అన్నాడు.

ఆయన పళ్ళెం పక్కన పెట్టాడు. తర్వాత వాణ్ణి అరుగు మీదికి చేర్చి, తిట్టుకుంటూ కాలు సరిచేసి, బద్దలు పెట్టి కట్టు కట్టాడు. "అయిపోయింది. ఈ సంబంధం నాకొద్దు. కాలు అతికాక మీ దారిన మీరు పోండి" అన్నాడు.

పసరు గిన్నె కింద పెట్టింది పైడమ్మ. ఆ పిల్ల నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంటోంది. "నాన్నా, నేను పుట్టిన దగ్గర్నుంచీ ఈ అరుగు మీద ఏడుపులే విన్నాను. నన్ను ఇంతలా నవ్వించినోడు ఇతనే. నీ మాట కోసం కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇతన్నే చేసుకుంటాను."

గంగునాయుడు కూతుర్ని చూశాడు. ఆ నవ్వు మొహం చూసి మెత్తబడ్డాడు. పెద్దగా నిట్టూర్చి, "సరే, నీ ఇష్టం. వీడి కట్టు విప్పిన రోజే పెళ్ళి" అని చేతులు కడుక్కోడానికి నూతి దగ్గరికెళ్ళాడు.

ముగ్గురన్నదమ్ములూ మొహమొహాలు చూసుకున్నారు. కట్టు విప్పిన రోజే పెళ్ళి. ఓసారి గట్టిగా వల్లించుకున్నారు.

అంతే. ఆయన తిరిగొచ్చేసరికి కట్టుగుడ్డ శుభ్రంగా మడతపెట్టి ఉంది. వెదురు బద్దలు పొయ్యిలో భగభగా మండుతున్నాయి, పోలినాయుడు పెళ్ళి భోజనాలకి ఎసరు పెట్టేశాడు. సింహాద్రి వాచిన కాలు రెండు చేతులా పట్టుకుని, నొప్పికి ఏడుస్తూ, ఆనందానికి నవ్వుతూ పీట మీద కూర్చున్నాడు.

తవిటినాయుడు మీసం దువ్వుకుని ఎదురెళ్ళాడు. "కట్టు విప్పేశాం మావగారూ. ఆలస్యం దేనికి, పంతులుగారికి కబురు పెట్టండి."