కప్ప కోసం ఏడు సముద్రాలు

అనగనగా అంటే ఎంత అనగనగానో నాకూ తెలియదు, మా అవ్వకూ తెలియదు. అప్పుడు మణిగిరి అనే రాజ్యానికి కుండలవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ధీరసేనుడు, నడిమివాడు శూరసేనుడు, ఆఖరివాడు నందకుడు. పెద్దవాళ్ళిద్దరికీ తెలియని సంగతంటూ లేదు. నందకుడికి తెలిసిన సంగతంటూ లేదు. అందుకని వాడు కనబడ్డవాళ్ళనల్లా అడిగేవాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. కొత్త రాజుకు పట్టాభిషేకం కావాలంటే చెక్కతో కొత్త కొలువుకూటం కట్టాలి. అది తండ్రి కట్టినదానికంటే పెద్దది కావాలి. తాత వెయ్యి స్తంభాలతో కట్టాడు. తండ్రి రెండు వేలతో కట్టాడు. కుండలవర్మ తక్కువ తిన్నాడా? మూడు వేలతో కట్టాడు. ఆ స్తంభాల కోసం అడవి కొట్టీ కొట్టీ, రాజ్యంలోని కొండలన్నీ తిరుపతి వెళ్ళొచ్చిన తలల్లా నున్నగా మిగిలాయి.

ఆ తర్వాత మూడేళ్ళు చినుకు లేదు. ఎందుకు లేదో పెద్దలంతా మూడు వేల స్తంభాల నీడలో కూర్చుని ఆలోచించారు. అయినా తట్టలేదు.

"కప్పల పెళ్ళి చేద్దాం మహారాజా!" అన్నాడు పురోహితుడు సోమయాజి.

కప్పకు పసుపు రాసి, రోకలికి కట్టి, ఊరేగించి, నీళ్ళు పోసి పెళ్ళి చేస్తే వాన పడుతుందని వాళ్ళ నమ్మకం. పందిరి వేశారు. మేళం వచ్చింది. ఉన్న కాసిని నీళ్ళలో వడపప్పు కూడా నానేశారు. అంతా సిద్ధమే గానీ పెళ్ళికి కప్ప లేదు. రాజ్యమంతా గాలించినా ఒక్క కప్ప దొరకలేదు.

"కప్పను తెచ్చినవాడికే నా తర్వాత పట్టం!" అన్నాడు రాజు.

పెద్దవాడు ఉత్తరానికి వెళ్ళి పాచి పట్టిన రాయిని తెచ్చాడు. సోమయాజి తాళి కట్టించబోతే దానికి మెడే కనబడలేదు. నడిమివాడు దక్షిణానికి వెళ్ళి ఊసరవెల్లిని తెచ్చాడు. పసుపు రాస్తే అది పసుపైంది, కుంకుమ పెడితే ఎర్రనైంది, పందిట్లో కూర్చోబెడితే తాటాకు రంగులోకి తిరిగి ఎటో పోయింది. పెళ్ళికూతురు పీటల మీదినుంచి లేచిపోయిందని మేళగాళ్ళు నవ్వుకున్నారు.

ఇక నందకుడి వంతు వచ్చింది. అప్పటికి ఒక్క బావిలోనే నీళ్ళున్నాయి, అవీ ఆరు నెలలకే. జనం బళ్ళు కట్టుకున్నారు. నందకుణ్ణి ఎత్తుకు పెంచిన దాది రత్తమ్మ కూడా మూటతో బండెక్కి కూర్చుంది.

"ఆర్నెల్లు చూస్తా చిన్నయ్యా. ఆ తర్వాత ఎద్దులెటు లాగితే అటే. ఈ వయసులో కొత్తూళ్ళో నాకు గుక్కెడు నీళ్ళిచ్చేదెవరు, పాడె మోసేదెవరు?" అని కళ్ళొత్తుకుంది.

నందకుడికి ఏడుపొచ్చింది. పట్టం ఎవరికి దక్కినా వాడికి ఒకటే. రత్తమ్మ బండి దిగాలి, అంతే.

కొలువుకూటంలో మూడు స్తంభాలు పీకి, తెప్ప కట్టుకుని బయల్దేరాడు. పాల సముద్రం వస్తుంది, పెరుగు సముద్రం వస్తుందని అన్నలు చెప్పి పంపారు. వాడు ఒక్కొక్కటే రుచి చూసుకుంటూ దాటాడు. ఏడూ ఉప్పగానే ఉన్నాయి.

ఏడో సముద్రం అవతల ఒక అడవి ఉంది. అదేం అడవి! చెట్టు మీద చెట్టు, దాని మీద తీగ, తీగ మీద పువ్వు, పువ్వులో కాసిని నీళ్ళు, ఆ నీళ్ళలో గోరంత కప్ప. మధ్యాహ్నం కాగానే వాన మొదలైంది. నందకుడు సంతోషంగా కప్ప మీదికి చెయ్యి చాపాడు.

"ఆగరా కుర్రాడా!" అంటూ గడ్డం నిండా నాచు పట్టిన ముసలాయన పరుగెత్తుకొచ్చాడు. ఆయన తామ్రశిఖుడనే మాంత్రికుడు. "కప్ప పోతే దోమలు పెరుగుతాయి. దోమలు పెరిగితే చిలకలకు జ్వరాలొస్తాయి. చిలకకు జ్వరమొస్తే నేను చస్తాను. నా ప్రాణం ఒక చిలకలో దాచుకున్నాను!"

"ఒక్కటంటే ఒక్క కప్ప, తాతా."

"అయితే మూడు పనులు చెయ్యి. ఈ అడవిలో ఎవరికీ అక్కర్లేని పండొకటి, ఎవరికీ అక్కర్లేని కట్టె ఒకటి, ఎవరికీ అక్కర్లేని ప్రాణి ఒకటి తెచ్చిపెట్టు. కప్పను పట్టుకుపో."

ఇంతేనా అనుకున్నాడు నందకుడు. నేల మీద కుళ్ళిన పండొకటి చూసి చేతిలోకి తీసుకున్నాడు.

"కళ్ళు కనబడటంలేదటయ్యా? లోపల బాలింత ఉంది!" అని దాంట్లోంచి ఒక పేడపురుగు కసిరింది. నందకుడు పండును మెల్లగా దించాడు.

తర్వాత ఎండి పడిపోయిన మానొకటి కనబడింది. దాన్ని కదపగానే ఒక జెర్రి తల బయటపెట్టింది. "పైన పుట్టగొడుగుల వీధి, కింద చెదల వీధి, మధ్యలో మా వీధి. ఇంత ఊరిని ఎక్కడికి మోసుకుపోతావు?" నందకుడు దండం పెట్టి వచ్చేశాడు.

సాయంత్రానికి ఉత్త చేతులతో మాంత్రికుడి ముందు నిలబడ్డాడు. "రెండూ దొరకలేదు తాతా. ఎవరికీ అక్కర్లేని ప్రాణి మాత్రం దొరికింది. అది నేనే."

"అబద్ధం!" అని వాడి పిక్క మీదినుంచి ఒక జలగ అరిచింది. "పొద్దుట్నుంచి నేను ఈయన మీదే బతుకుతున్నాను!"

మాంత్రికుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. చెట్టు కొమ్మ మీద కూర్చుని చిలకలకు గింజలు పెడుతున్న ఆయన కూతురు మధూలిక కూడా నవ్వింది.

"ఇక్కడ రోజూ వాన పడుతోందే! రోజూ కప్పల పెళ్ళి చేస్తారా?" అని ఆమెను అడిగాడు నందకుడు.

"వానొస్తే కప్పలొస్తాయి గానీ, కప్పలు వాన తెస్తాయా? చెట్లు వేళ్ళతో తాగిన నీళ్ళను ఆకుల్లోంచి పైకి వదులుతాయి. అదే మబ్బై మళ్ళీ మా నెత్తిన పడుతుంది. మీ కొండల మీద చెట్లు లేవా?"

"ఉన్నాయి. మా నాన్నగారి కూటంలో నిలబడి ఉన్నాయి," అన్నాడు నందకుడు. వెంటనే మాంత్రికుడి కాళ్ళ మీద పడ్డాడు. "మా కొండల మీద అడవి పెంచు తాతా!"

"నా చిలకను వదిలి అడుగు కదపను."

"దాన్నీ తీసుకురా."

మాంత్రికుడు దిక్కులు చూశాడు. మధూలికే చెప్పింది. "ఏ చిలకో నాన్నకు తెలియదు. దాచినప్పుడు బాగా గుర్తుపెట్టుకున్నాడు, పచ్చటి ఒళ్ళు, ఎర్రటి ముక్కు అని. అందుకే అన్ని చిలకలనూ కాపాడుతున్నాడు. వాటి కోసం చెట్లను, చెట్ల కోసం పురుగులను కాపాడుతున్నాడు."

నందకుడు బుర్ర గోక్కున్నాడు. "చిలకలు నీ వెంట వస్తాయా?"

"నేనెటు పోతే అటే."

"అయితే మా ఊరు చూడ్డానికొస్తావా? దాచేదేముంది, అక్కడ చూడ్డానికేమీ లేదు. బోడికొండలూ, బండెక్కి కూర్చున్న రత్తమ్మా ఉంటారు."

మధూలిక వాణ్ణి ఎగాదిగా చూసి, వెళ్ళి తెప్ప ఎక్కింది. మూడు వందల చిలకలు గోలగోలగా ఆమె వెంట లేచాయి.

మాంత్రికుడు నడుములోతు నీళ్ళలోకి పరుగెత్తాడు. "ఆగండి! నా ప్రాణం వాటిలో ఉందేమో!"

"లేదేమో కూడా, మామగారూ," అన్నాడు నందకుడు.

"ఉంటే? అక్కడ పండు లేదు, తొర్ర లేదు!"

"మీరొస్తే ఉంటాయి. ఇక్కడ మిగిలిన చిలకలను ఈ అడవే చూసుకుంటుంది. మా కొండలకు దిక్కులేదు."

మాంత్రికుడు తిట్టుకుంటూనే విత్తనాల బస్తాలు, చీమలు, వానపాములు, పురుగులు, కప్పలు, తడిమట్టి కుండలు తెప్ప మీదికెక్కించాడు. "మంత్రంతో చెట్టు లేస్తుంది గానీ అడవి లేవదురా! దానికి వీళ్ళంతా కావాలి," అన్నాడు. జలగను ఎక్కించాల్సిన పని లేకపోయింది. అది నందకుడి పిక్క దిగలేదు.

వాళ్ళు చేరేసరికి ఆరు నెలలు నిండాయి. బళ్ళు కదులుతున్నాయి. నందకుడు రత్తమ్మ ఎద్దుల ముందు అడ్డంగా పడుకున్నాడు. "మూడు రోజులాగు, అమ్మా!"

మొదటిరోజు మాంత్రికుడి మంత్రంతో కొండలన్నీ ఆకులు తొడిగాయి, తెచ్చిన ప్రాణులన్నీ ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. రెండోరోజు కొండల మీద పొగమంచు లేచింది. మూడోరోజు మధ్యాహ్నం రత్తమ్మ ముక్కు మీద ఒక చుక్క పడింది.

"ఎవడ్రా నా మీద ఉమ్మింది?" అని ఆమె లేచింది. ఇంకో చుక్క పడింది. తర్వాత లెక్క తెలియలేదు. రత్తమ్మ వానలో తడుస్తూ ఏడ్చింది, నవ్వింది. "ఇంకా చూస్తారేంట్రా? మూట దించండి! ఇంటికెళ్ళి పొయ్యి రాజెయ్యాలి!" అంది.

వేసిన పందిరి వృథా పోకూడదని రాజు అందులోనే నందకుడికీ మధూలికకూ పెళ్ళి చేశాడు. కప్పలు పెళ్ళివారై వచ్చి రాత్రంతా పాడాయి. నందకుడు కొత్త కొలువుకూటం ఊసెత్తకుండా అరవై ఏళ్ళు రాజ్యమేలాడు.

ఒకసారి ఎవరో సోదె చెప్పే ముసలమ్మ వచ్చి, మాంత్రికుడి ప్రాణమున్న చిలకను వేలు పెట్టి చూపిస్తానంది. నందకుడు సంబరపడి మామగారిని పిలిచాడు.

మాంత్రికుడు రెండు చెవులూ మూసుకున్నాడు. "వద్దు నాయనా, చెప్పించకు! ఏ చిలకో తెలిస్తే దాన్నొక్కదాన్నే చూసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు," అని సాయంత్రం గింజల బుట్ట చంకన పెట్టుకుని కొండెక్కిపోయాడు.