బాతు వెళ్లేదాకా

సిలారుకు వచ్చిన కష్టమల్లా బాతు మెత్తబడకపోవడం. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, పాపం అతనికి నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు.

కొల్లేటి గట్టు మీద ఫకీర్లు ఉండే చిన్న తకియాలో నూరుల్లా బాబా అనే ముసలాయన ఉండేవాడు. సిలారు ఆయన శిష్యుడు. అంతకుముందు పదహారేళ్లు పెళ్లిళ్లకు వంట చేశాడు. చేయి తిరిగిన వంటవాడు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా అతనే చెప్పేవాడు. పక్కన నీళ్లు మరుగుతూ ఉంటే గానీ కత్తి చేతిలోకి తీసుకునేవాడు కాదట. కత్తి కింది నుంచి కోడి నేరుగా మరిగే నీళ్లలోకి, అక్కణ్ణుంచి పొయ్యి మీదికి. గంటలో వంద కోళ్లు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లట.

ఆ చలికాలం బాబా తిండి మానేశాడు. జావ కాచి ఇస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసేవాడు. రోజురోజుకీ మనిషి తరిగిపోతున్నాడు. సిలారు ఆయన చొక్కా ఉతికి ఆరేసినప్పుడల్లా, ఇందులో ఇంకా ఎన్నాళ్లుంటాడో అని దిగులుపడేవాడు.

ఒకరోజు బాబా ఉన్నట్టుండి బాతు మాంసం తినాలని ఉందన్నాడు. సిలారుకు ప్రాణం లేచొచ్చింది. కోతలైన చేలల్లో బాతులు మేపుకునే ఒకాయన్ని బతిమాలి నాలుగింటిని తెచ్చాడు. వాటిని వంటపాక ఎదురుగా వెదురు దడిలో వదిలాడు.

మొదటిదాన్ని పెద్ద మంట మీద వండాడు. బాబా ఒక ముక్క నోట్లో పెట్టుకుని చిగుళ్లతో చాలాసేపు నమిలాడు. చివరికి దాన్ని అరచేతిలోకి తీసి, విస్తరి అంచున పెట్టాడు.  ముదురు బాతు తగిలిందని సిలారు తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

రెండోదానికి లేతదాన్ని ఏరాడు. తోక దగ్గరి నూనె తిత్తి కోసేశాడు. పచ్చి బొప్పాయి నూరి పట్టించాడు. ఊక పొయ్యి మీద సన్నటి సెగన, దాని కొవ్వులోనే అది మగ్గేలా పూటంతా ఉంచాడు. ముక్క పైపైన జావలా అయింది. లోపల మాత్రం కొబ్బరి పీచే. బాబా దాన్ని కూడా అరచేతిలోకి తీసి పక్కన పెట్టాడు.

అప్పటికి కుండ పొయ్యి మీంచి దించి చాలాసేపైంది. ఉడుకు పూర్తిగా అణిగింది. అయినా లోపల గీకిన చప్పుడు వినబడింది. మట్టి మీద గోళ్లతో గీరినట్టు, ఆగి ఆగి. సిలారు మూత తీశాడు. ముక్కలూ పులుసూ తప్ప మరేం లేదు. ఆవిరి చప్పుడయ్యుంటుందనుకున్నాడు.

బాబా మాత్రం కుండ వైపు తిరిగి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు మెల్లగా అన్నాడు.

"నిన్ను బాగా తొందరపెట్టాడు కదూ."

 ముసలాయనకు మతి తప్పుతోందేమోనని సిలారుకు భయం వేసింది. అంతకంటే, తప్పడం లేదేమోనన్న భయం ఎక్కువైంది.

మర్నాడు చూస్తే దడిలో మిగిలిన రెండు బాతులూ వేసిన తవుడు ముట్టలేదు. నీళ్ల వైపు పోలేదు. అరవలేదు. పక్కపక్కన నిలబడి వంటపాక గుమ్మం వైపే చూస్తున్నాయి. సిలారు అటు నడిస్తే అటు, ఇటు నడిస్తే ఇటు వాటి మెడలు తిరిగాయి. అదిలించినా కదల్లేదు.

బాబా ఆ రోజు జావ కూడా వద్దన్నాడు.

మూడో బాతును కోసే రోజు పొద్దున్నే గట్టంతా మంచు పట్టింది. సిలారు అలవాటు ప్రకారం ముందు పెద్ద డేగిసాలో నీళ్లు పెట్టాడు. అవి తెర్లుతుండగా బాతును తెచ్చి, అల్లా పేరు తలుచుకుని కోశాడు. నెత్తురు కారడం ఆగిందో లేదో కాళ్లు పట్టుకుని డేగిసా మీదికి ఎత్తాడు.

డేగిసా మూతికి అడ్డంగా ఒక చెయ్యి వచ్చింది.

బాబా గోడ పట్టుకుని ఎప్పుడు లేచొచ్చాడో తెలీదు. మరిగే నీళ్ల ఆవిరిలో చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు. ఎముకల మీద పల్చటి చర్మం, సిలారు చూస్తుండగానే ఎర్రగా కందిపోతోంది. బాబా మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. సిలారు కంగారుగా బాతును వెనక్కి తీసుకున్నాకే ఆయన చెయ్యి తీశాడు.

తర్వాత తడి తువ్వాలు ఒకటి తెచ్చి బాతుకు చుట్టాడు. సిలారును గచ్చు మీద కూర్చోబెట్టి ఒళ్లో పెట్టాడు.

"ఎంతసేపు బాబా?"

"అది వెళ్లేదాకా."

మెడ తెగిన బాతు ఎక్కడికి వెళుతుందని అడగబోయాడు గానీ, కందిన ఆ చెయ్యి చూసి ఊరుకున్నాడు. బాబా వెళ్లి నీళ్ల కింద మంట ఆర్పేసి, తన మంచం మీద పడుకున్నాడు.

సిలారు కూర్చున్నాడు. మొదట్లో విసుగే. లుంగీ తడిసి తొడలకు అంటుకుంది. కాసేపటికి ఒక సంగతి తెలిసింది. అంత చలిలోనూ ఒళ్లోది చల్లబడడం లేదు. తువ్వాలు లోపల వెచ్చగా, నిద్రపోయే పసిబిడ్డలా ఉంది. ఇంకాసేపటికి అది బిగుసుకోవడం మొదలైంది. కాళ్లు మెల్లమెల్లగా చాచుకుని అతని అరచేతిని నెట్టాయి. దేన్నో తోసి బయటపడాలని చూస్తున్నట్టే ఉంది.  ఇంతకాలం ఇలాంటి కాళ్లనే కదా సలసల కాగే నీళ్లలోకి తోశాను అనుకున్నాడు. పదహారేళ్లు, గంటకు వంద. లెక్క వెయ్యబోయి మానుకున్నాడు. పారేసి లేచిపోదామన్నంత భయం వేసింది. ఒళ్లోంచి దాన్ని దించడానికి మాత్రం చేతులు రాలేదు.

ఎదురుగా దడి మీదుగా ఆ మిగిలిన ఒక్క బాతూ మెడ చాచి చూస్తోంది.

పొద్దు వాలబోతుండగా బిగువు సడలింది. కాళ్లు అతని చేతిలో వాటంతటవే మెత్తబడ్డాయి. వెచ్చదనం పోయింది. ఒళ్లో ఉన్నట్టుండి బరువు తగ్గినట్టనిపించి సిలారు కిందికి చూశాడు. పొడి గచ్చు మీద, అతని పాదాల దగ్గర్నుంచి గుమ్మం దాకా తడి అడుగులున్నాయి. చిన్నవి, వేళ్ల మధ్య తోలు ఉన్న పాదాలవి. గుమ్మం దాటి గడ్డిలో కలిసిపోయాయి. దడి తలుపు వేసినది వేసినట్టే ఉంది.

దడిలో బాతు ఒకసారి అరిచింది. అటు తిరిగి తవుడు తినసాగింది.

సిలారు లేచి నీళ్లు పెట్టాడు. ఈకలు తీసి, గడ్డి మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగాడు. ఈసారి బొప్పాయి లేదు. అల్లం, వెల్లుల్లి, మిరియాలు, కాసిని ధనియాలు. ఊక సెగ మీద పెట్టి, మధ్యలో ఒక్కసారి కూడా మూత తీసి చూడలేదు. చూడాలనిపించలేదు. కుండలోంచి ఉడుకు చప్పుడు తప్ప మరే చప్పుడూ రాలేదు.

బాగా పొద్దుపోయాక, దీపం వెలుతురులో బాబాను గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. ముక్క పట్టుకుంటే ఎముక నుంచి జారి వచ్చింది. బాబా నోట్లో పెట్టుకుని రెండుసార్లు చప్పరించి మింగాడు. అరచెయ్యి చాపలేదు. ఇంకో ముక్క పెట్టమన్నాడు. ఆ తర్వాత ఇంకొకటి. సిలారు కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. పదహారేళ్లలో ఎవరెంత మెచ్చుకున్నా కలగని సంతోషం కలిగింది. ఇక ఫర్వాలేదు, బాబా తింటున్నాడు, బతుకుతాడు అనుకున్నాడు.

బాబా చెయ్యి కడుక్కుని, కందిన ఆ చేత్తోనే సిలారు తల నిమిరాడు.

"నా వంతు వచ్చినప్పుడు కూడా, నన్ను కడగడానికి నీళ్లు తొందరపడి పెట్టకు."