ఎవరూ మిగలని బంతి

అనగనగా కాలవ గట్టు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో అచ్చియమ్మని ఒక ఆవిడ ఉండేది. ఊరి సంతర్పణ వచ్చిందంటే విస్తళ్ళు కుట్టేదీ ఆవిడే, వేసేదీ ఆవిడే, వడ్డించేదీ ఆవిడే. నాలాగే ఆవిడకీ నడుం నొప్పి. నవ్వకు, పడుకుని విను.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. భోజనాలకి కూర్చునే వరసని బంతి అంటాం కదా, ఆ బంతులన్నీ సమానంగా ఉండాలి. ఒకదాంట్లో ఒక్క మనిషి ఎక్కువైనా ఊరికి అరిష్టమని వాళ్ళ భయం. ఏటా లెక్క కుదరక ఎవరో ఒకరు మిగిలేవారు. ఆ ఒక్కరూ అచ్చియమ్మే. అందరూ లేచాక, చల్లారిన అన్నం ఒక్కతే తినేది. నలభై ఏళ్ళు అలాగే తింది పాపం.

ఆ ఏడు ఊళ్ళో జనం రెండువేల అయిదువందల ఇరవై ఒక్కరు. అచ్చియమ్మ అన్ని విస్తళ్ళూ కుట్టింది. ఈసారైనా నలుగురితో కూర్చుని వేడన్నం తినాలని ఆవిడ ఆశ. అంతకంటే ఏం అడిగిందని?

పొద్దున్నే గట్టు మీద బంతికి ఎనిమిదేసి విస్తళ్ళు వేసింది. ఒకటి మిగిలింది. అప్పుడు అన్నీ ఎత్తి తొమ్మిదేసి వేసింది. ఒకటి మిగిలింది. ఆ తర్వాత మళ్ళీ ఎత్తి పదేసి వేసింది. అప్పుడూ ఒకటే మిగిలింది.

ఊరి పెద్ద వీర్రాజు గారు చూసి, “ఎందుకు అచ్చియమ్మా ఈ అవస్థ? ఆ మిగిలింది నీదేలే. తర్వాత తిందువుగాని,” అన్నారు.

ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడవడానికీ ఓపిక లేదు. కొన్ని లెక్కలు అంతే తల్లీ, మహా మొండివి. రెండేసి వేసినా, ఏడేసి వేసినా, నలభయ్యేసి వేసినా సమానంగా విడిపోవు.

అప్పుడు నాలుగోసారి మొదలుపెట్టింది. పదకొండేసి వేద్దామనుకుంది. పదకొండో విస్తరి దగ్గర వెనక్కి తిరిగి కొత్త బంతి మొదలుపెట్టాలి కదా. నడుం తిరగనివ్వలేదు. ఇంక చేసేది లేక అలాగే ముందుకి వేసుకుంటూ పోయింది. ఊరు దాటింది, లాకులు దాటింది, చింతతోపు దాటింది. ఆఖరి విస్తరి వేసి దాని ముందే కూలబడింది.

వీర్రాజు గారు రొప్పుకుంటూ వచ్చారు. “బంతులెన్ని?”

“ఒక్కటే బాబూ.”

“మిగిలిందెవరు?”

అచ్చియమ్మ వెనక్కి చూసింది. “ఎవరూ లేరు బాబూ.”

ఆయన వేళ్ళ మీద లెక్కేసుకున్నారు. ఉన్నది ఒక్క బంతే అయితే ఎక్కువా తక్కువా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆచారం తప్పలేదు.

ఆ తర్వాత ఊరంతా వచ్చి కూర్చుంది. ఎవరు లేచినా బంతి చెడుతుంది కాబట్టి వడ్డించడానికి ఎవరూ లేవలేదు. అన్నం గిన్నెలు చేతులు మారుతూ వచ్చాయి. ఎవరి పక్కవాళ్ళకి వాళ్ళే వడ్డించారు. అచ్చియమ్మ పక్కన కూర్చున్నది వీర్రాజు గారే. గిన్నె మూత తీసి, పొగలు కక్కుతున్న అన్నం ఆవిడ విస్తట్లో పెట్టారు.

అచ్చియమ్మ చెయ్యి పెట్టింది. వేళ్ళు చురుక్కుమన్నాయి.

“కాల్తోంది బాబూ.”

“ఊదుకుని తిను,” అన్నారాయన.

ఎలా ఊదుకోవాలో ఆవిడకి కాసేపు గుర్తు రాలేదు.

కథేమో కంచికి,
అమ్మమ్మేమో మంచానికి,
నీ కళ్ళేమో కునుక్కి.