చౌడమ్మ అడగని ఖర్చులు

అనగనగా నేతవాళ్ళ ఊరొకటి ఉండేది, తల్లీ. ఆ ఊళ్ళో తెల్లవారితే కోడికంటే ముందు మగ్గం పలికేది. అక్కడ చౌడమ్మ అనే ఆవిడ, పుట్టింటివారు ఇచ్చిన మగ్గం మీద చీరలు నేసుకుంటూ ఒంటరిగా బతికేది.

ఒకనాడు నూలిచ్చే షావుకారు సాంబయ్య మనుషులతో వచ్చి, మగ్గం తనదేనంటూ విప్పించి పట్టుకుపోయాడు. చౌడమ్మ ఇంట్లో మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంట మాత్రం మిగిలింది.

అప్పుడామె కులపెద్దలకు చెప్పుకుంది. వాళ్ళు మూడుసార్లు పిలిచినా షావుకారు రాలేదు. ఆ తర్వాత పట్నం వెళ్ళి ప్లీడరు గారిని కలిసింది. ఆయన అర్జీ రాస్తూ అడిగారు.

"కోర్టు ఖర్చులు, నా ఫీజు కూడా అతనే ఇవ్వాలని రాయనా?"

"వద్దు బాబూ. మా పెద్దల ముందు తగవు ఓడినవాడు, గెలిచినవాళ్ళకు పోయిన కూలి, అయిన ఖర్చు తనంతట తానే తాంబూలంలో పెట్టి ఇస్తాడు. నోరు తెరిచి అడగడం మర్యాద కాదు."

"మగ్గం ఎత్తుకుపోయినవాడికి మర్యాదేమిటమ్మా?"

"వాడికి లేకపోతే మానె. నాకుంది కదా."

ప్లీడరు గారు నవ్వి, ఆ మాట రాయకుండా వదిలేశారు. తెలిసినవాడు అలా నవ్వి ఊరుకోవచ్చునా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

మొదటి ఏడాది ఫీజుకు చెవి కమ్మలు పోయాయి. రెండో ఏడాది పాడిమేక పోయింది. మూడో ఏడాది ఇవ్వడానికేమీ లేక, గెలిచాక ఇస్తానని కాగితం మీద వేలిముద్ర వేసింది.

అప్పుడు తీర్పు వచ్చింది. మగ్గం చౌడమ్మదేనన్నారు. ఆమె కోర్టు మెట్ల మీద నిలబడి షావుకారు కోసం ఎదురుచూసింది. అతను చెప్పులు తొడుక్కుని ఆమె పక్కనుంచే వెళ్ళిపోయాడు.

ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళింది. "అయ్యా, తప్పు అతనిదన్నారు. మరి నా ఖర్చు?"

"నువ్వు అడగలేదు కదమ్మా. ఎవరి ఖర్చులు వారివే," అన్నారు జడ్జి గారు.

మగ్గం ఇంటికొచ్చింది. మూడోనాడు ప్లీడరు గారి గుమాస్తా ఆ వేలిముద్ర కాగితంతో వచ్చాడు. మగ్గం అమ్మక తప్పలేదు. ఆ ఊళ్ళో మగ్గం కొనగలిగినవాడు సాంబయ్య ఒక్కడే.

ఆ తర్వాత చౌడమ్మ రోజూ అతని పంచలోకి వెళ్ళి, ఆ మగ్గం మీదే కూలికి నేసేది. "నీ చేతికి అలవాటైన మగ్గమే కదా చౌడమ్మా, నెమ్మదిగా నేస్తావేం?" అనేవాడు సాంబయ్య.

గెలిచింది కదా అంటావా? గెలిచింది తల్లీ. ఆ గెలిచిన కాగితం ఆమె పెట్టెలోనే ఉండేది.

కథ చేరింది కంచికి,
మగ్గం చేరింది షావుకారి పంచకి,
మనం చేరదాం మంచానికి.