తిరిగిచూపు బండ

అనగనగా ఒక రాజు. ఆ రాజు ఏలే దేశంలో కొండ అన్నదే లేదు. ఎటు చూసినా వరిచేలే, ఎటు చూసినా నీళ్ళు నిండిన మళ్ళే. అందుకే ఆ ఊరిని మాగాణిపురం అనేవారు. రాజుగారికి ఒక రాణి, రాణిగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శూరసేనుడు. వాడు కత్తి పట్టాడంటే గాలి కూడా పక్కకి తప్పుకునేది. రెండోవాడు చిత్రసేనుడు. వాడు ఉపాయం పన్నాడంటే నక్క కూడా నోరు తెరిచేది. మూడోవాడు మందరుడు. వాడికి పుట్టుకతోనే ఎడమకాలు కాస్త పొట్టి. అందరూ పది అడుగులు వేసేసరికి వాడు ఐదు వేసేవాడు. అయితేనేం, ఆ ఐదు అడుగుల్లోనే దారిపక్క పొదలో పిట్టగూడు ఎక్కడుందో, అందులో గుడ్లెన్నున్నాయో చూసుకుని వచ్చేవాడు.

రాణి తరళాదేవి పుట్టింది ఏడు కనుమల అవతల, మూడు కొలనుల సీమలో. పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది. అయినా రోజూ పొద్దువాలే వేళకి మేడెక్కి ఉత్తరం దిక్కుకి చూస్తూ నిలబడేది. అక్కడినుంచి కొండలు కనిపించవని ఆవిడకీ తెలుసు. తెలిసీ చూసేది. దూరాన ఒక మబ్బు లేస్తే, అది కొండేమోనని కాసేపు మురిసిపోయేది. మబ్బు చెదిరిపోతే కిందికి దిగి వచ్చేది.

ఇలా ఉండగా రాజవైద్యుడు ఆవిడ కళ్ళు పరీక్ష చేసి తల వంచుకున్నాడు. "అమ్మా, కళ్ళకి తెర కమ్ముతోంది. వచ్చే వానకారు దాకా చూపు ఉంటుంది. ఆ పైన నా చేతిలో లేదు" అన్నాడు.

ముగ్గురు కొడుకులూ తల్లి చుట్టూ చేరారు. "అమ్మా, నీకు ఏం చూడాలనుందో చెప్పు. ఏదైనా తెస్తాం" అన్నారు.

"తేగలిగేది కాదురా నాయనా" అంది రాణి. "మా సీమలో పెళ్ళయి వెళ్ళే పిల్లని కొండ దిగేముందు ఒకచోట పల్లకీ దింపుతారు. అక్కడొక పెద్ద బండ. తిరిగిచూపు బండ అంటారు దాన్ని. పిల్ల బండెక్కి, వెనక్కి తిరిగి, తను పుట్టిన కొలనుని కళ్ళనిండా ఒక్కసారి చూసుకుంటుంది. పక్కనున్న రాళ్ళగుట్ట మీద ఒక రాయి పెడుతుంది. అప్పుడు అత్తవారింటికి పోతుంది. మా అమ్మమ్మ అలాగే చూసుకుంది, మా అమ్మా చూసుకుంది. నా వంతు వచ్చేసరికి బోయీలు 'ముహూర్తం మించిపోతుంది, ముహూర్తం మించిపోతుంది' అంటూ పల్లకీ దించకుండానే పరుగెత్తారు. నేను తెర తొలగించి చూసేసరికి మలుపు తిరిగిపోయాం. ఆ చూడని చూపు ఇన్నేళ్ళూ నా గొంతుకి అడ్డుపడే ఉంది."

రాజుగారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆ బోయీల్ని తొందరపెట్టింది మా నాన్నగారే" అని ఒప్పుకున్నాడు. వెంటనే పల్లకీ సిద్ధం చెయ్యమన్నాడు. కానీ మంత్రి అడ్డం వచ్చాడు.

"మహారాజా, పల్లకీ ఉంటే సరిపోదు, దారి ఉండొద్దూ? గండశిలుడనే మాంత్రికుడు మూడు కొలనులూ తనొక్కడే చూడాలని, కొండ మీది దారులన్నీ నులకతాళ్ళలా చుట్టి, ఉండలు చేసి, గాదెలో పడేశాడట. దారి ఉన్నచోట ఇప్పుడు ముళ్ళపొదలు, బండరాళ్ళు. వాడు మాత్రం ఎగిరే చాప మీద కూర్చుని తిరుగుతాడట."

మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. రాకుమారులకి తెలియదా? పెద్దవాడు కత్తి దూసి, గుర్రమెక్కి, "చిలక మెడ పట్టుకుని వస్తా" అని వెళ్ళాడు. నెల గడిచింది, రాలేదు. రెండోవాడు కొంగున జామపళ్ళు కట్టుకుని, "చిలకని మచ్చిక చేసుకుని వస్తా" అని వెళ్ళాడు. ఇంకో నెల గడిచింది, వాడూ రాలేదు. అప్పుడు మందరుడు చేతికర్ర పట్టుకుని తల్లి కాళ్ళకి దండం పెట్టాడు.

"నువ్వు వెళ్ళి వచ్చేసరికి వానలు పడతాయేమోరా" అంది తల్లి.

"పడకముందే వస్తానమ్మా. నువ్వు రోజూ మేడెక్కుతూ ఉండు" అని బయలుదేరాడు.

ఒక కనుమ దాటాడు. రెండు కనుమలు దాటాడు. అలా నడుస్తూ, కూర్చుంటూ, నడుస్తూ, కూర్చుంటూ ఏడు కనుమలు దాటాడు. కొండ మొదట్లో ఒక ముసలి మేక గిట్ట ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. మందరుడు కూర్చుని గిట్టలోని ముల్లు తీశాడు.

"చల్లగా ఉండు నాయనా" అంది మేక. "ఇద్దరు పోయారు ఈ దారిన. ఒకడు అదిలించాడు, ఒకడు చూడనే లేదు. నా వెనకే రా. పైకి తీసుకుపోతాను."

"దారులన్నీ చుట్టేశాడన్నారే?"

"మనుషుల దారులు చుట్టాడు. మేకలు పూటకో దారిన పోతాయి. దేన్ని పట్టుకుని చుడతాడు?" అని మేక గడ్డం ఊపుతూ నవ్వింది.

మేక ముందు, మందరుడు వెనక. సగం కొండ ఎక్కేసరికి రాతిగుడిసె ముందు ఒక పిల్ల మజ్జిగ కుండ దగ్గర కూర్చుని ఉంది. పేరు చెంగల్వ. దారులు బాగుచేసే కాపలావాడి కూతురు. తండ్రి పోయాక దారులు లేకపోయినా గుడిసె విడవలేదు. మాంత్రికుడు ఆమెని చిలకకి మేత వెయ్యడానికి పెట్టుకున్నాడు.

మందరుడు ఆయాసపడుతూ పక్కనున్న నిలువురాయికి చెయ్యి ఆనించాడు.

"ఎవరయ్యా నువ్వు? కత్తి లేదు, గుర్రం లేదు. ముందొచ్చిన ఇద్దరూ ఇంతింత మీసాలతో వచ్చారు" అంది చెంగల్వ.

"వాళ్ళు మా అన్నలు. ఎక్కడున్నారు?"

"నువ్వు చెయ్యి ఆనించింది పెద్దాయన మీదే."

మందరుడు ఉలిక్కిపడి చెయ్యి తీశాడు. చూస్తే రెండు నిలువురాళ్ళు, అన్నల ముఖాలు. ఒకరి నెత్తిన కాకి వాలి ఉంది. మందరుడు కాకిని తోలాడు, పైపంచెతో అన్నల ముఖాలు తుడిచాడు. అది చూసి చెంగల్వ మజ్జిగ పోసింది.

తల్లి సంగతి చెప్పాడు. వింటూ వింటూ ఆమె కళ్ళు తుడుచుకుంది. "తిరిగిచూపు లేకుండా ఏ పిల్లా మా సీమ దాటకూడదు. దారులు పోయిన నాటినుంచి ఇక్కడ పెళ్ళిళ్ళే లేవు. నా ఈడు పిల్లలందరం ఇలాగే కూర్చున్నాం."

"దారులు తిరిగి వచ్చే మార్గమే లేదా?"

"ఉంది. మా నాన్న చెప్పాడు. చుట్టిన దారి మళ్ళీ నేలని పట్టుకోవాలంటే, చుట్టినవాడే దాన్ని కింద నుంచి పైదాకా నడవాలి. పైనున్న రాళ్ళగుట్ట మీద తన చేత్తో రాయి పెట్టాలి. మూడు దారులూ అలా నిలిస్తే వాడు రాళ్ళు చేసినవాళ్ళూ లేస్తారు. ఆ ముక్క వాడికి తెలియదు. తెలిసినా ఏం లాభం? వాడు చాప దిగడు."

మందరుడు మజ్జిగ మెల్లగా తాగాడు. మెల్లగానే ఆలోచించాడు. తరవాత మాంత్రికుడి దగ్గరికి వెళ్ళాడు.

గండశిలుడు చాప మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పంజరం, అందులో చిలక. "ఏరా, నువ్వూ చిలక కోసమేనా? ఎక్కడ నిలబెట్టమంటావు, పెద్దన్న పక్కనా, చిన్నన్న పక్కనా?" అన్నాడు.

"చిలక నాకెందుకు స్వామీ? మా ఊళ్ళో చేల మీద పడి తినేవే వేలున్నాయి. నేను కొలనుల ముచ్చట అడగడానికి వచ్చాను. రోజూ చూసేది మీరొక్కరే కదా. మా అమ్మ పుట్టిన నెమలికొలను ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుందేమిటి? నీలంగా, పళ్ళెంలా ఉంటుంది."

"అంతేనా?" అన్నాడు మందరుడు. "మా అమ్మ వాళ్ళ పెద్దవాళ్ళ నోట విన్నది అలా లేదే. ముందు తడినాచు వాసన వస్తుందట. తరవాత రెండు బండల సందులో గోరంత నీలం కనిపించి మాయమవుతుందట. ఇంకో మలుపులో అరచేయంత. బండెక్కాక ఒక్కసారిగా కొలనంతా ఎదురొచ్చి నిలబడుతుందట. ఆ గోరంత నీలం మీరు చూడలేదా?"

మాంత్రికుడు వెంటనే చాప లేపాడు. ఆ రోజు చాప మీద కొలను చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పైనుంచి పళ్ళెమే కనిపించింది గానీ గోరంత నీలం ఎక్కడా కనిపించలేదు. మర్నాడు పొద్దున్నే మందరుణ్ణి పిలిచాడు.

"నడిస్తేనే కనిపిస్తుందా అది?"

"నడిస్తేనే స్వామీ. ముందు దగ్గరి కొలనుతో మొదలుపెడదాం. నాతో రండి, నాకంటే మెల్లగా నడిచేవాడు ఈ లోకంలో లేడు."

మాంత్రికుడు గాదె తెరిచి మొదటి ఉండ విప్పాడు. ముఖమల్ చెప్పులేసుకుని మంచుకొలను దారి పట్టాడు. చిలకని వదిలి ఉండలేడు కనుక పంజరం కూడా పట్టుకున్నాడు. వంద అడుగులకే ఒగర్చాడు. మందరుడు కూర్చుంటే కూర్చున్నాడు, లేస్తే లేచాడు. పైకి వెళ్ళాక మంచు మెల్లగా లేచి, నీళ్ళు కనిపించి, మళ్ళీ మూసుకుంది. "ఇంకోసారి చూపించమను" అన్నాడు మాంత్రికుడు చిన్నపిల్లాడిలా. మందరుడు నవ్వి, "ఇక్కడ రాయి పెట్టడం ఆచారం" అన్నాడు. మాంత్రికుడు రాయి పెట్టాడు. కింద దారి నేలని పట్టుకుంది.

రెండో రోజు గాజుకొలను. కాళ్ళకి బొబ్బలు. అయినా ఎక్కాడు. ఆకాశం పైనొకటి, కింద ఒకటి కనిపించాయి. చెప్పకముందే వంగి రాయి ఏరుకున్నాడు.

మూడో రోజు నెమలికొలను. తడినాచు వాసన వచ్చింది. మాంత్రికుడు నిలబడిపోయాడు. రెండు బండల సందులో గోరంత నీలం కనిపించింది, మాయమైంది. "అదిగో! అదిగో!" అని అరిచి, చెప్పులు విడిచేసి, పొట్టికాలి రాకుమారుణ్ణి వెనక వదిలేసి మరీ పరుగెత్తాడు. తిరిగిచూపు బండ ఎక్కాడు. కొలనంతా ఎదురొచ్చి నిలబడింది. గుట్ట మీద రాయి పెట్టి, పక్కనే కూలబడి ఏడ్చాడు. "ఇన్నేళ్ళూ దీని పైనుంచి తిరిగాను గానీ చూడలేదురా" అన్నాడు. ఎవరికైనా చూపించాలనిపించింది. పక్కన చిలక తప్ప ఎవరున్నారు? పంజరం ఎత్తి, తనే తలుపు తీసి, "చూడవే" అన్నాడు.

చిలక చూసింది. ఎగిరింది. కొలను మీద ఒక చుట్టు తిరిగి బండ పక్కనున్న ఉసిరిచెట్టు మీద వాలింది.

"అయ్యో, నా ప్రాణం!" అన్నాడు మాంత్రికుడు.

"ఎక్కడికీ పోనులే" అంది చిలక. "ఇక్కడే ఉంటాను. నన్ను చూడాలంటే రోజూ నడిచి రా."

ప్రాణం బండ దగ్గరుంటే మనిషి ఎక్కడికి పోతాడు? చాప చుట్టి మేకకి పరుపుగా ఇచ్చేశాడు. దారి మలుపులో చలివేంద్రం పెట్టుకుని, ఎక్కేవాళ్ళకి నీళ్ళు పోస్తూ ఉండిపోయాడు. మూడు దారులూ నేలని పట్టుకున్న గడియలోనే నిలువురాళ్ళు మనుషులయ్యాయి. శూరసేనుడు లేస్తూనే, "నా నెత్తిన ఇదేమిట్రా?" అని జుట్టు తడుముకున్నాడు. అన్నలిద్దరూ గుర్రాల మీద ముందు వెళ్ళి తల్లిని తీసుకొచ్చారు.

అప్పటికి పడమట మబ్బులు కమ్ముతున్నాయి. కొండ కింద రాణి పల్లకీ దిగిపోయింది. "ఈసారి నా కాళ్ళతోనే వస్తాను" అంది. ముందు మందరుడు చెయ్యి పట్టుకుని నడిచాడు. వాడి నడకే ఆవిడకి సరిపోయింది. బండ ఎక్కి తిరిగి చూసింది. కళ్ళల్లో సగం తెర. మిగిలిన సగంలో కొలనంతా పట్టింది. చాలాసేపటికి ఆవిడ ఒక రాయి ఏరుకుని, గుట్ట మీద మెల్లగా పెట్టింది.

వానలు వచ్చాయి. వైద్యుడు చెప్పినట్టే రాణి చూపు పోయింది. కానీ ఆవిడ మళ్ళీ ఎప్పుడూ మేడెక్కి ఉత్తరానికి తిరిగి నిలబడలేదు. కూర్చున్నచోటే కొలను కనిపిస్తోందనేది.

వానలు తగ్గాక చెంగల్వకీ మందరుడికీ పెళ్ళి నిశ్చయమైంది. కొండ మీది పిల్లలందరి పెళ్ళిళ్ళూ ఒకదాని వెనక ఒకటి కుదిరాయి. చెంగల్వని తీసుకురావడానికి రాణి తనే వెళ్ళింది. తిరిగిచూపు బండ దగ్గర పల్లకీ దింపించింది. కోడలు బండెక్కింది. చూపులేని అత్తగారు పక్కన నిలబడి, "నీళ్ళు ఎలా ఉన్నాయి తల్లీ?" అని అడిగింది.

"గట్టు దగ్గర పచ్చగా ఉన్నాయి అత్తమ్మా, నడుమ నీలం. గాలి వస్తే రెండూ కలుస్తున్నాయి" అంది చెంగల్వ.

ఆ తరవాత మందరుడూ చెంగల్వా చాలా కాలం చల్లగా రాజ్యమేలారు. ఏటా వానలు వెలిశాక ఆ కొండెక్కి తలా ఒక రాయి పెట్టి వచ్చేవారు. అదంతా తరవాతి మాట. ఆ రోజు మాత్రం చెంగల్వ ఇంకా చూస్తూనే ఉంది. బోయీలు ఎండవైపు చూసి, "అమ్మగారూ, ముహూర్తం మించిపోతుంది" అన్నారు.

"మించనీ" అంది రాణి. "నువ్వు బాగా చూసుకో తల్లీ."