సూరమ్మ బురద, గవర్రాజు నూనె

అడివి అంచున ఒక వాగు ఉంది. వానాకాలం అరుస్తుంది, చలికాలం గొణుగుతుంది, ఎండాకాలం నోరు మూసుకుంటుంది. ఆ ఏడు రోహిణి కార్తె వచ్చేసరికి వాగంతా ఇసకే. తడి మిగిలింది గట్టు కింద ఒక్క బురద గుంటలోనే. ఆ గుంట గేదె సూరమ్మది. పట్టా కాగితం ఏమీ లేదు. పొద్దెక్కగానే వచ్చి అందులో కూలబడుతుంది, పొద్దు వాలేదాకా లేవదు. అంతే, ఆవిడదే.

గేదె ఒళ్ళు మీకు తెలిసిందేగా. నల్లటి తోలు, పల్చటి వెంట్రుక. చెమట పోసి చల్లబడదామంటే ఆ చెమటా సరిగ్గా పట్టదు. బురద పూసుకుంటేనే ఎండ తోలుకి తగలదు, జోరీగ సూది దిగదు. వానలు పడేదాకా సూరమ్మ ప్రాణం ఆ గుంటలోనే ఉంది.

ఆ గుంట మీదే నక్క గవర్రాజు కన్ను పడింది. వాగు ఎండుతుంటే కొరమీనులు, పీతలు అన్నీ ఆ బురదలోకే దూరాయి. వాటి మీద సూరమ్మ పడుకుంది. ఆవిణ్ణి లేపితే తప్ప గవర్రాజుకి కూడు లేదు. ఆ కొమ్ములు చూస్తేనేమో లేపే ధైర్యం లేదు.

ఒక మధ్యాహ్నం గవర్రాజు వచ్చి గట్టు మీద చతికిలబడి, గట్టిగా నిట్టూర్చాడు. సూరమ్మ తోకతో జోరీగని తోలింది. ఇంకా గట్టిగా నిట్టూర్చాడు.

"ఏంటి మరిదీ, కడుపునొప్పా?" అంది సూరమ్మ, కళ్ళు తెరవకుండానే.

"నాకేం నొప్పి వదినా! నిన్ను చూస్తేనే బాధ. ఎలాంటి తోలు! చేజేతులా బురదపాలు చేసుకుంటున్నావు."

"చేసుకుంటే ఏం? ఎవడు చూడొచ్చాడు?"

"ఇలా ఉంటే ఎవడొస్తాడు? మొన్న పట్నం వైపు వెళ్ళా. అక్కడ పాల డెయిరీలో మీ జాతోళ్ళు ఉన్నారు. ఒక్కదాని మీద మరక లేదు. ఒళ్ళు అద్దమే! ఈగ వాలితే జారి పడుతోంది."

సూరమ్మ ఒక కన్ను తెరిచింది. "జారి పడుతోందా?"

"ఒక ఈగకి కాలు కూడా విరిగింది."

సూరమ్మ వీపు మీద కొంగ పైడితల్లి నిలబడి ఉంది. పిడుదులు ఏరుకు తినడం ఆవిడ పని. "విరిగితే నువ్వు కట్టు కట్టొచ్చావా?" అంది.

"నువ్వూరుకో పైడితల్లీ. నీకేం, పుట్టడమే మల్లెపువ్వులా పుట్టావు. మా వదిన కాస్త బాగుపడుతుందంటే నీకు కన్నుకుట్టు."

ఆ మాట సూరమ్మకి సూటిగా తగిలింది. నిజమే, ఈ కొంగ రోజూ నా వీపెక్కి రెక్కలు దువ్వుకుంటుంది, ఒక్కరోజన్నా నువ్వు బాగున్నావే అక్కా అందా? రెండో కన్ను కూడా తెరిచింది.

"ఇంతకీ ఏం చెయ్యమంటావు?"

"ఈ బురద మానెయ్యి. గానుగ కాడ ఇప్పనూనె మడ్డి పారబోస్తారు, చిప్పలో పట్టుకొస్తా. ఒళ్ళంతా రాసుకుని ఆ బండ మీద ఎండలో నిలబడు. నూనె లోపలికి ఇంకాలి."

"నీడలో ఇంకదా?"

"నీడలో ఇంకితే మాగాయ ముక్కల్ని డాబా మీద ఎందుకు ఎండబెడతారు?"

మాగాయకీ తన వీపుకీ సంబంధం ఏంటో సూరమ్మకి అర్థం కాలేదు. అడిగితే తెలివి తక్కువదనుకుంటాడని ఊరుకుంది. పైగా ఆ జారిపడే ఈగ కళ్ళ ముందే ఆడుతోంది. లేచింది.

గవర్రాజు తన తోకే కుంచె చేసి మడ్డి పులిమాడు. కొమ్ముల నుంచి గిట్టల దాకా సూరమ్మ మెరిసింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అప్పడాలు వేగుతున్న వాసన వేసింది.

"మండుతోంది మరిదీ!"

"మండాలి. మురికి చస్తోంది."

"దురద పెడుతోంది!"

"అందం బయటికొచ్చేటప్పుడు పెడుతుంది వదినా. గోక్కోకు, లోపలికి పోతుంది."

సూరమ్మ గోక్కోలేదు. రోజూ పొద్దెక్కగానే బండెక్కింది. వీపు మీద తోలు పెళుసెక్కింది, చెవుల వెనక పగిలింది, మూపు మీద పొక్కులు లేచాయి. జోరీగలు ఒక్కటీ జారలేదు. నూనెకి అంటుకుని అక్కడే కాపురం పెట్టాయి. చివరికి ఒక మధ్యాహ్నం బండ మీదే కూలబడింది. నాలుక బయటికొచ్చేసింది.

పైడితల్లి వచ్చి రెక్క చాపి నీడ పట్టింది. ఆ నీడ సూరమ్మ చెవికే చాల్లేదు.

"నాకు కన్నుకుట్టు కదా, అందుకే ఇన్నాళ్ళూ నోరెత్తలేదు," అంది పైడితల్లి. "ఆ డెయిరీ నేనూ చూశా. నెత్తిన కప్పు ఉంది, కప్పు కింద ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పూటపూటా గొట్టంతో నీళ్ళు కొడుతున్నారు. ఇదంతా చెప్పాడా మీ మరిది?"

"లేదే!"

"చెప్పడు. ఓసారి నీ గుంట వైపు చూడు."

సూరమ్మ మెడ తిప్పింది. గవర్రాజు ఆవిడ గుంటలో దిగి, దర్జాగా తవ్వుకుంటున్నాడు. పీత కాలు ఒకటి మూతికి చుట్టలా పెట్టుకున్నాడు.

సూరమ్మకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. అది ముందే మండుతోంది. తరుముదామంటే ఓపిక లేదు. ఓపికున్నా నక్క దొరకడు. తనకి బాగా చేతనైన పని ఏంటా అని ఆలోచించింది. పడుకోవడం. సరే, అదే చేద్దామనుకుంది.

మెల్లగా నడిచి గుంట దగ్గరికొచ్చింది. గవర్రాజు పీత కాలు గుటుక్కున మింగాడు.

"వదినా! మెరిసిపోతున్నావు! నేను... నీ గుంట పాడైపోకుండా కాపలా..."

"నీ చలవే మరిదీ. నేనిక ఈ బురద ఎలాగూ తొక్కను. పోయేముందు ఒక మాట చెబుదామని వచ్చా. ఆ గట్టులోకి దిగిన చెట్టు వేళ్ళ కింద ఒక కొరమీను ఉంది. ఏళ్ళబట్టి నా పొట్టకి తగులుతోంది. నా కాలంత ఉంటుంది."

గవర్రాజు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ముందు కాలా, వెనక కాలా?"

"వెనక కాలు."

అంతే! గవర్రాజు మెడదాకా బురదలో దిగి, వేళ్ళ సందులో రెండు చేతులూ దూర్చేశాడు. సూరమ్మ వచ్చి, ఎప్పుడూ పడుకునే చోటే, ఎప్పుడూ పడుకున్నట్టే పడుకుంది. ఒక పక్క గట్టు, ఒక పక్క సూరమ్మ పొట్ట, మధ్యలో నక్క. బురద పొంగి వాడి గడ్డం దాకా వచ్చింది.

"వదినా! నేనిక్కడున్నా!"

"ఉండు మరిదీ."

"లేమ్మా! ఊపిరాడట్లేదు! ఏదో కొరుకుతోంది!"

"పీతేమో. మురికి తీస్తోంది. కదలకు, ఇంకనీ."

పగిలిన తోలుకి చల్లటి బురద తగులుతుంటే సూరమ్మకి ప్రాణం లేచొచ్చింది. వాడు అరుస్తున్నంతసేపూ ఆవిడ హాయిగా నెమరేసింది. ఎండ ఇంకా గట్టిగా ఉండగానే కాస్త జరిగింది. గవర్రాజు ఒక్క దూకు దూకి పరుగెత్తాడు.

అయితే పల్చటి వెంట్రుక మీద బురద వేరు, బొచ్చు మీద బురద వేరు. కొంత దూరం పోయేసరికి ఎండకి బురద బిగిసి గోడ పూతలా అయింది. కాలు మడవడానికి లేదు, మెడ తిరగడానికి లేదు. తోక కర్రలా నిలబడింది. తాటి మానుకి రుద్దుకున్నాడు. పెళ్ళలు ఊడాయి. పెళ్ళలతోపాటు బొచ్చూ ఊడింది. పొద్దు గుంకేసరికి ఈకలు పీకిన కోడిలా మిగిలాడు.

మర్నాటి ఎండ ఆ బోడి ఒంటి మీద పడింది. గవర్రాజు కాళ్ళు ఎడంగా వేసుకుంటూ, చెట్టు నీడ నుంచి చెట్టు నీడకి గెంతుతూ గుంట దగ్గరికొచ్చాడు.

"వదినా, కాస్త బురద పెట్టవూ. తోలు కాలిపోతోంది."

"అదేంటి మరిదీ, బండ ఖాళీగానే ఉందిగా. మడ్డి కూడా ఇంకా ఉంది."

"తప్పయిపోయింది వదినా!"

పైడితల్లి నవ్వలేక సూరమ్మ వీపు మీంచి జారిపోయింది.

సూరమ్మ వాడి వంక చూసింది. ఆ ఎండ ఎలా ఉంటుందో తనకి తెలుసు. "నా తోక వెనక చోటుంది, పడుకో. చేతులు మాత్రం పైకి పెట్టుకుని పడుకో. పీత మీద చెయ్యి పడిందా, నేను పక్కకి ఒత్తిగిలుతా."

వానలు పడేదాకా గవర్రాజు అక్కడే ఉన్నాడు. చేతులు రెండూ పైకెత్తి, పొట్ట కింద పీతలు పాకుతుంటే గుటకలు మింగుతూ. జోరీగ వాలినప్పుడల్లా సూరమ్మ తోక విసిరేది. అది ప్రతిసారీ వాడి బోడి వీపు మీదే పడేది.

మీ తోలు బాగుచేస్తానని ఎవడన్నా వస్తే, మిమ్మల్ని దేని మీంచి లేపుతున్నాడో ముందు చూసుకోండి.