వెంటనే, ఈ వారం, వచ్చే నెల

చిదంబరానికి ఆ పొద్దున కోపం వచ్చింది. పైకి కోపమే గాని, లోపలున్నది భయం.

గోదారి ఒడ్డున పెద్దస్వామి ఆశ్రమంలో, వైద్యానికి లొంగని రోగులు ఆఖరి రోజులు గడపడానికి కొన్ని గదులున్నాయి. గది కావాలని ఫోన్ చేసినవాళ్ళ వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని చిదంబరానిది. ఆశ్రమానికి రాకముందు పట్నంలో ఇలాంటి ఫారాలు తయారుచేసే ఉద్యోగమే చేశాడు. ఇక్కడి ఫారం కూడా అతని చేతి చలవే. "ఎప్పుడు కావాలి" అన్న చోట నొక్కితే చాలు, లిస్టు కిందికి తెరుచుకుంటుంది: వెంటనే, ఈ వారం, వచ్చే నెల. టైపు చేసే గొడవ లేదు, తప్పు పోయే వీలే లేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పి మురిసిపోయేవాడు పాపం.

అంతా బాగానే ఉంది గాని, నూకరత్నం అనే ఆవిడ తన భర్తను ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చిన రోజున, ఆమె పేరు వచ్చే నెల వాళ్ళలో ఉంది. ఆమెకని గది అట్టిపెట్టలేదు, ఉన్నవన్నీ నిండిపోయాయి. గేటు దగ్గరి మనిషి చేతులు జోడించి వెనక్కి పంపేశాడు. దారిలోనే ఆయన ప్రాణం పోయింది. గోదారి చప్పుడు వింటూ కన్ను మూయాలన్నది ఆయన కోరిక.

కర్మలన్నీ ముగిశాక ఆమె ఆ పొద్దున వచ్చింది. పోట్లాటకు రాలేదు.

"ఫోన్‌లో నేనే తప్పు చెప్పానేమోనండి, బాబుగారూ. ఒకసారి చూసి చెప్పండి."

చిదంబరం చూశాడు. తెర మీద వచ్చే నెల అనే ఉంది. మీరు చెప్పిందే ఎక్కించామమ్మా, కంగారులో అలా అనుంటారు అన్నాడు. ఆమె తలూపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.

ఆ మాటైతే అనేశాడు గాని మనసు ఒప్పుకోలేదు. వెంటనే అన్నదే నొక్కినట్టు గుర్తు. పెద్దస్వామి దగ్గరికి పోయి మొర పెట్టుకున్నాడు. తన చెయ్యి తప్పు చేయదు, మెషీన్ అబద్ధం చెప్పదు, కాబట్టి ఆవిడే తడబడి ఉంటుంది అన్నాడు.

స్వామి బత్తాయి వలుస్తున్నాడు. అంతా విని, దాన్ని పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, లేచి అతని వెంట కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు.

"నాకూ ఒక గది రాయి. వెంటనే కావాలి."

స్వామికేమైందోనని చిదంబరం కంగారుపడ్డాడు. అయినా చేతికి అలవాటైన పని. స్వామి పేరు కొట్టాడు, వయసు కొట్టాడు, లిస్టు తెరిచి వెంటనే అన్నది నొక్కాడు. కింది గళ్ళ కోసం మౌసు మీది చక్రాన్ని వేలితో తిప్పాడు. పేజీ కాస్త మొరాయించి, ఆ తర్వాత జారింది. అది ఎప్పుడూ అంతేలే అని పట్టించుకోలేదు. మిగతావి నింపి, పంపడానికి వేలు ఎత్తాడు.

వెనక నిలబడి తెరనే చూస్తున్న స్వామి అతని మణికట్టు పట్టుకున్నాడు. ఒకసారి మళ్ళీ పైకి వెళ్ళమన్నాడు.

వెళ్ళాడు. స్వామి పేరు కింద వచ్చే నెల అని ఉంది.

చిదంబరానికి అప్పుడు వెలిగింది. లిస్టులో ఎంచాక పక్కన ఖాళీలో ఒకసారి నొక్కి దాన్ని వదిలిపెట్టాలి. లేకపోతే చక్రం ముందు ఆ లిస్టునే తిప్పి ఎంచినదాన్ని మార్చేస్తుంది, చివరిదాకా తిప్పిగాని పేజీని కదలనివ్వదు. ఉద్యోగంలో ఉండగా ఎంతమందికో తనే చెప్పిన సంగతి.

"వెంటనే అన్నదే ఎంచాను స్వామీ," అన్నాడు.

"ఎంచావు. వదల్లేదు."

చిదంబరం చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు. నూకరత్నం ఇంకా అక్కడే ఉంది, బస్సు దుమ్ము లేపుకుంటూ వస్తోంది. మీరు సరిగ్గానే చెప్పారమ్మా, పాడుచేసింది నేను అన్నాడు రొప్పుతూ. ఆమె అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"నేను సరిగ్గానే చెప్పానన్నమాట," అంది, తనలో తను.

తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, అప్పుడు ఏడ్చింది.

తిరిగొచ్చి ఫారం సరిచేశాడు. ఇక చక్రం ఎంత తిప్పినా లిస్టు కదలదు. పక్కన పెట్టుకున్న కాఫీ చల్లారేలోపే అయిపోయింది. అయ్యో, ఇంతేనా, ఇంత చిన్న పనా అని కుమిలిపోయాడు.

సాయంత్రం స్వామి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఇది నన్ను తినేస్తోంది స్వామీ. ఎలా వదిలేది?"

స్వామి గోదారి వైపు తిరిగాడు.

"దీన్ని మాత్రం వదలకు నాయనా."